దుబాయ్ ఫ్లాటుకి ఈసీ ఎవరు తీస్తారు?

ఎచ్చెర్ల వైపు రెండొందల గజాల స్థలం కొనాలంటే మనం ఎంత హడావుడి చేస్తామో అందరికీ తెలుసు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో ఉందేమో చూస్తాం, ఆ ఊళ్ళో తెలిసినవాడిని పట్టుకుని "దాని మీద గొడవలేటైనా ఉన్నాయేటి" అని ఆరా తీస్తాం. ఇంత చేశాక కూడా అడ్వాన్సు ఇచ్చేముందు డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఇంకో గంట కూర్చుంటాం. అదే దుబాయ్‌లో ఫ్లాటు అనేసరికి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి బుకింగ్ డబ్బులు పంపేస్తున్నారు.

మా పిన్ని కొడుకు అక్కడ సూపర్‌వైజర్. అద్దెలు కట్టలేక సొంత ఫ్లాటు కొందామనుకున్నాడు, అదీ ఇంకా కడుతున్న బిల్డింగులో. లాయర్‌ని పెట్టుకోరా అంటే, "లాయరెందుకు అన్నియ్యా, ఏజెంటు మన తెలుగోడే, కంపెనీ లాయరే అన్నీ చూసుకుంటాడట" అన్నాడు. సోంపేట, కంచిలి, కవిటి వైపు నుంచి గల్ఫ్ వెళ్ళిన కుర్రాళ్ళు చాలామంది ఇదే మాట అంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏజెంటు తెలుగోడైనా మలయాళీ అయినా ఫ్లాటు అమ్ముడైతేనే అతనికి కమీషన్. కంపెనీ లాయరు రాసిన అగ్రిమెంటు కంపెనీని కాపాడటానికి రాసినదే. అతను చెడ్డవాడని కాదు, జీతం ఇచ్చేది వాళ్ళు. మన డబ్బు తీసుకుని మన తరఫున చదివేవాడు ఇంకొకడు కావాలి, అంతే.

లాయరు లేకుండా కొనకూడదని దుబాయ్‌లో రూలేమీ లేదు. కట్టేసిన ఫ్లాటైతే డెవలపర్ దగ్గర ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని, రిజిస్ట్రేషన్ పని చూసే ట్రస్టీ ఆఫీసుకి వెళ్ళి, ల్యాండ్ డిపార్ట్‌మెంటుకి 4 శాతం ఫీజు కడితే పట్టా చేతికొస్తుంది. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకన్నా ఫాస్టే. అసలు ఆ ఏరియాలో విదేశీయులు ఫ్రీహోల్డ్, అంటే పూర్తి సొంత హక్కుతో కొనొచ్చా అన్నది మొదటి ప్రశ్న, ఎందుకంటే 2006 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల్లోనే ఆ హక్కు ఉంటుంది. అది ఏజెంటు కూడా నిజమే చెప్తాడు, దాచడానికేం లేదు.

కట్టబోయే ఫ్లాటు సంగతి వేరు. 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనేవాళ్ళ డబ్బు ఆ ప్రాజెక్టు పేరున ఉన్న ఎస్క్రో ఖాతాలోకే, అంటే ఆ ప్రాజెక్టు పనికే వాడాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలోకే వెళ్ళాలి. ఏజెంటు తన ఖాతాకి, లేదా "బుకింగ్ అమౌంట్" అని ఇంకేదో కంపెనీ ఖాతాకి పంపమంటే అక్కడే ఆగాలి. ఆ ఎస్క్రో నంబరు నిజమేనా, ప్రాజెక్టు రిజిస్టర్ అయిందా, కొన్నాక మన పేరు తాత్కాలిక రిజిస్టర్‌లో, అంటే వాళ్ళు ఊఖూద్ అనే దాంట్లో ఎక్కిందా అన్నవి లాయరు మొదట చూస్తాడు. మన ఈసీకి అక్కడ దగ్గరగా ఉన్నది ఇదే అనుకోవచ్చు.

మావాడి అగ్రిమెంటు పీడీఎఫ్ నాకూ పంపాడు. ప్రతి పేజీలో ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క అరబిక్. రెండింటికీ తేడా వస్తే అరబిక్‌దే చెల్లుతుందని లోపలెక్కడో ఒక లైను. అక్కడి కోర్టు భాష కూడా అరబిక్కే. మరి మనవాడు సంతకం పెడుతున్నది తను చదవలేని సగానికి! అరబిక్ చదవగల లాయరు కావాలని చెప్పడానికి ఇంతకన్నా ఇంకేం కావాలి.

ఇంకో క్లాజు దగ్గర నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. మనం వాయిదాలు ఆపేస్తే ఏమవుతుందన్నది. ల్యాండ్ డిపార్ట్‌మెంటు ద్వారా 30 రోజుల నోటీసు వస్తుంది, అప్పటికీ కట్టకపోతే డెవలపర్ కాంట్రాక్టు రద్దు చేయొచ్చు. బిల్డింగు 60 శాతం దాటి కట్టేసి ఉంటే ఫ్లాటు విలువలో 40 శాతం దాకా ఉంచుకోవచ్చు, అంతకన్నా తక్కువ కట్టి ఉంటే 25 శాతం దాకా. గమనించండి, మనం కట్టినదాంట్లో 40 శాతం కాదు, మొత్తం ధరలో. గల్ఫ్ ఉద్యోగం అంటే ఈ నెల ఉంటుంది, వచ్చే నెల కంపెనీ మూసేస్తుంది. సగం వాయిదాలు కట్టినవాడి వీసా రద్దయితే చేతికి మిగిలేది ఎంతో లెక్కేసుకోండి. ఈ లెక్క బ్రోచర్లో ఉండదు.

లాయర్ని వెతికేటప్పుడు ఒకటి చూసుకోవాలి. అక్కడ లీగల్ కన్సల్టెంట్ వేరు, అడ్వొకేట్ వేరు. కాగితాలు చూడ్డానికి, సలహాకి కన్సల్టెంట్ చాలు, కోర్టులో మన తరఫున నిలబడాలంటే అడ్వొకేట్ ఉండాలి. ఇద్దరికీ దుబాయ్ ప్రభుత్వ న్యాయ వ్యవహారాల శాఖ లైసెన్సు ఉండాలి. ఫీజు గంటల లెక్కన కాకుండా మొత్తం పనికి ఇంత అని ముందే రాయించుకోవడం మంచిది, గంటల లెక్కైతే మనవాళ్ళు ఫోన్ చేయడానికే భయపడి ఊరుకుంటారు.

వీలునామా సంగతి కూడా ఆ లాయరునే అడగాలి. అక్కడి 2022 చట్టం ప్రకారం ముస్లిం కాని మనిషి వీలునామా రాయకుండా పోతే ఆస్తిలో సగం భార్యకి, సగం పిల్లలకి. సొంత దేశపు చట్టం వర్తింపజేయమని వారసులు అడగొచ్చు కానీ అదో తతంగం. మన హిందూ వారసత్వ చట్టంలో తల్లికీ వాటా ఉంటుంది, అక్కడ పిల్లలుంటే ఆవిడకి ఏమీ రాదు. ఈ మాట చెప్పాక మా పిన్ని మొహం చూడాల్సింది.

ఇక మనవైపు రూల్స్. అక్కడ ఉద్యోగం చేసేవాడు అక్కడి జీతంతో కొంటే ఆర్బీఐ గొడవ పెద్దగా లేదు, తిరిగి ఇండియాకి వచ్చేశాక కూడా ఆ ఫ్లాటు ఉంచుకోవచ్చు. ఇక్కడున్న మనిషి కొంటే మాత్రం ఏడాదికి 2,50,000 డాలర్ల వరకే పంపగలడు, అందులో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే.

మావాడేమో సెంటిమెంటుగా నాన్న పేరు కూడా పట్టాలో పెడదామంటున్నాడు. బాబాయి నరసన్నపేటలో రిటైరైన మాస్టారు. డబ్బంతా కొడుకుదే అయినా, పేరు ఎక్కిందంటే ఆయన కూడా ప్రతి ఏడాదీ ఐటీఆర్-2 వేసి విదేశీ ఆస్తి వివరాలు షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి, పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా సరే. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా వేయొచ్చు. ఇది విని బాబాయి, "నా పేరొద్దురా, ఫ్లాటుకి నా ఫొటో పెట్టుకో" అన్నాడు. మావాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.