మాడు వాసన వేట: 796 సీసీ పాత బండి లాగ్

ఓడోమీటర్ 98,410

2004 మోడల్, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజెక్షన్ కారు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఏసీ గాలిలో కమురు కంపు, బానెట్ సందుల్లోంచి పల్చటి పొగ. కదిలిన నిమిషంలో రెండూ మాయం. సగం జవాబు ఇందులోనే ఉంది. బండి నడుస్తుంటే గాలి పొగను కిందికి ఈడ్చుకుపోతుంది. ఆగితే అదే పొగ పైకి లేచి, అద్దం కింద ఉన్న గాలి సందులోంచి లోపలికొస్తుంది. బ్లోయర్‌ను లోపలి గాలి మీదికి మార్చగానే వాసన తగ్గింది. అంటే తప్పు డాష్‌బోర్డు వెనక కాదు, బానెట్ కింద.

ఇక ముక్కుకు పని. మూకుడులో నూనె మాడినట్టుంటే ఇంజన్ ఆయిల్. తియ్యగా ఉంటే కూలెంట్. కాగితం కాలినట్టు, అదీ ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే క్లచ్ ప్లేటు. రబ్బరు కంపుకు తోడు కీచుమనే చప్పుడు ఉంటే బెల్టు జారుతోంది. ప్లాస్టిక్‌తో పాటు ఎండు చేపల వాసన కొడితే వైరింగ్. అప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ పీకి, ఆ తర్వాతే ఆలోచించాలి. ఇక్కడున్నది మూకుడు వాసనే.

సైలెన్సర్ పొగ వేరే సంగతి. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క విడతగా నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు (వాల్వుల దగ్గర నూనెను ఆపే రబ్బర్లు). బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగులు. ఇందులో రెండూ లేవు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చదరపు సెంటీమీటరుకు 12.1, 11.8, 11.9 కేజీలు. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ దాటలేదు కాబట్టి ఇంజన్ విప్పే పని లేదు.

ఓడోమీటర్ 98,425

చల్లారిన ఇంజన్ మీదే బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. వేడి మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికెళ్లే గొట్టం) మీద కొడితే మంట అంటుకోవచ్చు. కొన్ని రకాల క్లీనర్లు వేడికి విషవాయువు వదులుతాయి. తర్వాత ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) చుట్టూ, దాని కింద టాల్కం పౌడర్ చల్లి, 15 నిమిషాలు ఐడిల్‌లో (ఆగిన చోటే ఇంజన్ నడుపుతూ) ఉంచి, 5 కిలోమీటర్లు తిప్పాం. తెల్లటి పౌడర్ మీద నూనె దారి గీత గీసినట్టు తేలింది. గేర్‌బాక్స్ వైపు మూలలో మొదలై నేరుగా ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ రేకు మీదికి దిగుతోంది.

కవర్ తీస్తే ప్యాకింగ్ (సందు మూసే రబ్బరు పట్టీ) ఎండు చింతకాయ తొక్కులా పుటుక్కున విరిగింది. హెడ్ అల్యూమినియం కాబట్టి బ్లేడుతో గీకకూడదు, ప్లాస్టిక్ ముక్క చాలు. కొత్త ప్యాకింగ్ పెట్టి, క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) దగ్గర అరవంపు సమతలాన్ని కలిసే మూలల్లో మాత్రం పెసరగింజంత సిలికాన్ రాశాం. చుట్టూ పూసేయడం చాలా షెడ్లలో అలవాటే. కానీ లోపలికి పొంగిన సిలికాన్ ఊడి ఆయిల్‌లో పడుతుంది, చివరికి పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. బలంగా లాగితే రబ్బరు నలిగి పక్కకు వస్తుంది.

మ్యానిఫోల్డ్ రేకు వెనక చేరిన పాత నూనె పూర్తిగా కాలిపోయేదాకా, అంటే ఓ వంద కిలోమీటర్ల వరకు, వాసన ఉంటుంది. అందుకని మళ్లీ విప్పకూడదు.

ఓడోమీటర్ 98,760

వంద దాటింది, మూడొందలూ దాటింది, వాసన మళ్లీ వచ్చింది. పౌడర్ చల్లితే అదే మూల తడి. ప్యాకింగ్ కొత్తది, బోల్టుల బిగువు సరిగానే ఉంది. మరి నూనెను బయటికి నెట్టుతున్నదేమిటి?

ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద కాగితం పెట్టి చూశాం. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కాగితాన్ని మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది. ఇక్కడ అది పైకి లేచి ఎగిరింది. రింగులు బాగున్నాయని కంప్రెషన్ ముందే చెప్పింది కనుక ఇక మిగిలింది పీసీవీ వాల్వ్, అంటే ఇంజన్ లోపల చేరే గాలిని బయటికి లాగే దారి. తీసి ఊపితే లోపల గలగలమనాలి, ఇది మూగగా ఉంది. గొట్టం నిండా నల్ల మడ్డి, మూత అడుగున పెరుగు మీగడలాంటి తెల్లటి జిగురు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఇంజన్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోకుండా ఆయిల్‌తో కలిసి ఇలా పేరుకుంటుంది. దారి మూసుకుపోయిన గాలి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నూనెను తోసుకొస్తుంది.

కార్బ్ క్లీనర్‌లో గంట నానబెట్టినా వాల్వ్ కదల్లేదు. కొత్తది వేసి, గొట్టం మార్చాం. కాగితం అతుక్కుంది. ప్యాకింగ్‌ను ముట్టుకోలేదు, తుడిచి వదిలేశాం. ఈ వాల్వ్ చూడకుండా ట్యాపెట్ ప్యాకింగ్ మార్చడమంటే, బిందె కింద తడి తుడుస్తూ కుళాయి కట్టకపోవడమే.

ఓడోమీటర్ 99,130

నూనె వాసన లేదు. కానీ రాత్రిపూట ఇరవై నిమిషాలు లైట్లు వెలిగాక ప్లాస్టిక్ కంపు. హెడ్‌లైట్ కప్లర్ (బల్బుకు తీగలు కలిపే ప్లగ్గు) గోధుమరంగుకు తిరిగి, ఒక పిన్ను దగ్గర కరిగి ఉంది. లోపల బల్బులు 100/90 వాట్లవి (హై/లో బీము). 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగితే, ఇది 8 దాటుతుంది. రెండింటికీ 16 పైచిలుకు, అదంతా స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్ గుండానే. వదులైన పిన్ను దగ్గర వేడి, కరెంటు వర్గంతో పెరుగుతుంది. అందుకే ఫ్యూజ్ పోకుండానే కప్లర్ కరుగుతుంది.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.6. ఎక్కువ వాట్ల బల్బు వేసినా వెలుతురు పెరగనిది ఇందుకే. 60/55 బల్బులు, సిరామిక్ హోల్డర్లు, హై, లో బీములకు చెరో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టాం. రిలే 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజ్. 87 బల్బులకు, 86 పాత హెడ్‌లైట్ తీగకు, 85 బాడీకి. ఇప్పుడు బల్బు దగ్గర 13.4. ఫ్యూజ్ పోతే రాగి తీగ చుట్టే అలవాటు ఈ బండికి ఇకపై నిషిద్ధం.

ఓడోమీటర్ 99,300

ఇక బ్రేకుల వంతు. బ్రేకు పెద్దగా వాడకుండా 5 కిలోమీటర్లు తిప్పి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే ముందు ఎడమ డిస్కు 118 డిగ్రీలు, కుడిది 61. బ్లీడర్ నిపుల్ (బ్రేకు ఆయిల్ వదిలే మర) వదులు చేసినా చక్రం తేలిక కాలేదు కాబట్టి ఆయిల్ హోసు నిర్దోషి. విప్పి చూస్తే బిగుసుకున్నది కాలిపర్ (డిస్కును పట్టే భాగం) పిన్నులే. తుప్పు తీసి సిలికాన్ గ్రీజు రాశాం. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి.

ఇంకా ఉన్న పని: కింద పడుకుని ఎగ్జాస్ట్ పైపు, డ్రైవ్ షాఫ్ట్ చూడటం. వరి కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన గడ్డి మీదుగా వెళ్లిన బండి ఇది. షాఫ్ట్‌కు చుట్టుకున్న గడ్డి వేడి పైపును తాకిందా, పొగ కాదు, మంటే. కత్తెర, టార్చి, మంటలార్పే 1 కేజీ ఏబీసీ పౌడర్ సిలిండర్ పక్కన పెట్టుకుని వచ్చే ఆదివారం.