వైట్ ఎర్త్ సరస్సులో బూమ్ మైకుతో

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మిన్నియాపాలిస్ నుంచి కార్లో నాలుగు గంటలు వెళ్తే వైట్ ఎర్త్ రిజర్వేషన్ (అక్కడి ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతం), ఒజిబ్వే అనే తెగ వాళ్ల ఊళ్లు. అక్కడమ్మాయే ఒకావిడ ఏడాది పొడుగునా వాళ్లు చేసుకునే పనుల మీద డాక్యుమెంటరీ తీస్తోంది, సౌండ్‌కి మనిషి కావాలంటే సెప్టెంబర్లో నేను వెళ్లా. వసంతంలో మేపుల్ చెట్ల నుంచి కారే నీళ్లు కాచడం అప్పటికే తీసేసింది (నలభై గ్యాలన్లు మరిగిస్తే దాదాపు ఒక్క గ్యాలన్ సిరప్!), ఇప్పుడు మనూమిన్, అదే వైల్డ్ రైస్, సరస్సు నీళ్లలో దానంతటదే పెరిగే గింజ.

కోత అంటారు గానీ కొడవలి ఉండదు. దోనెలో ఇద్దరు, ఒకరు నిలబడి గడ వేస్తారు, ఇంకొకరు కూర్చుని ఒక సీడర్ కర్రతో కంకుల్ని దోనె మీదికి వంచి రెండో కర్రతో అలా తడతారంతే, పండిన గింజ రాలుతుంది, పచ్చిది కంకినే ఉంటుంది, కొంత నీళ్లలో పడి మళ్లీ మొలుస్తుంది. గట్టిగా బాదితే మొక్క పోతుంది, అందుకే మిన్నెసోటా రూల్స్‌లో కూడా కర్ర 30 అంగుళాలు దాటకూడదు. హెడ్‌ఫోన్స్‌లో ఆ తట్టడం, వెంటనే గింజలు జల్లుమనడం, అబ్బా! డ్రోన్ షాట్లు ఎవరైనా తీస్తారు, ఈ సినిమాకి ప్రాణం సౌండే (నా పని కదా, అలాగే అంటాలెండి).

దోనె ఎక్కే ముందు పెద్దాయన చిటికెడు పొగాకు నైవేద్యంలా నీళ్లలో వేశారు. అది మాత్రం తియ్యొద్దని డైరెక్టర్ ముందే చెప్పింది, కెమెరా, మైకు రెండూ కింద పెట్టేశాం.

తర్వాత ఒడ్డున ఆ గింజల్ని ఇనుప బానలో వేయించడం, మెత్తటి చెప్పులేసుకుని గుంటలో తొక్కడం, బర్చ్ బెరడు పళ్లేల్లో చెరగడం, అచ్చం మన చేట పనే, కళ్లలో పొట్టుతో సహా.

అక్కడ ఎవర్ని కదిపినా మాట లైన్ 3 అనే ఆయిల్ పైప్‌లైన్ మీదికే పోతుంది. 2018లో వాళ్ల ట్రైబల్ ప్రభుత్వం మనూమిన్‌కే హక్కులున్నాయని చట్టం చేసింది, 2021లో పైప్‌లైన్ పనులకి బోలెడు నీళ్లు తోడుకోనిచ్చారని ఆ గింజనే వాదిగా పెట్టి ట్రైబల్ కోర్టులో రాష్ట్ర అధికారుల మీద కేసు వేశారు. ఇంటర్వ్యూలన్నీ అటే పోతుంటే డైరెక్టర్‌కి చిరాకు, నాకైతే అది కూడా ఈ సీజన్లో భాగమే అనిపించింది.

రాత్రి మంట దగ్గర పెద్దాయన్ని ఏదైనా పాత కథ చెప్పమని అడిగా. ఆ కథలు మంచు పడ్డాకే చెప్తాం, జనవరిలో రా బాబూ అన్నారు. రికార్డ్ చేసుకోవచ్చా అంటే అది అప్పుడు చూద్దాం అన్నారు. వెళ్తున్నా మరి, ఆ చలికి బ్యాటరీలు చటుక్కున చచ్చిపోతాయట, స్పేర్‌వి కోటు లోపలి జేబులో పెట్టుకోవాలి.