కుల్‌ధరా: శాపం తగిలిందనే ఊళ్లో ఒక మధ్యాహ్నం

రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి నైరుతిగా సుమారు 18 కిలోమీటర్లు పోతే కుల్‌ధరా వస్తుంది. దారి పొడవునా మా డ్రైవర్‌ది ఒకటే మాట: "పొద్దు గూకేలోపు బయటపడాలి సార్. రాత్రి అక్కడ ఎవరూ నిలవలేరు."

కథ అతని నోటే వినాలి. జైసల్మేర్ దివాన్ సలీం సింగ్ కన్ను ఊరిపెద్ద కూతురి మీద పడిందట. పిల్లనివ్వకపోతే పన్నులతో పీల్చి పిప్పి చేస్తానన్నాడట. చుట్టుపక్కల 84 ఊళ్ల పాలీవాల్ బ్రాహ్మణులు ఒక్కమాట మీద నిలబడి, రాత్రికి రాత్రే ఇళ్లు వదిలేశారు. పోతూ పోతూ, ఇక్కడ ఇంకెవరూ కాపురం చేయలేరని శపించారు.

ఊళ్లోకి అడుగుపెట్టాక భయం సంగతేమో గానీ దిగులేసింది. తిన్నటి వీధులు, రెండు పక్కలా పసుపురాయి గోడలు, కప్పులు కూలిన గదులు. ఒక ఇంటి గోడలో దీపం పెట్టుకునే గూడు చెక్కుచెదరకుండా ఉంది. దాని పక్కనే ఎవరో జంట పేర్లు గీకి పోయారు. ఒళ్లు మండిపోయింది.

మా ఊరి పాటిదిబ్బ (ఎప్పుడో పాడుబడిన పాత ఊరి దిబ్బ) మీదికి సందెవేళ పిల్లల్ని పోనిచ్చేవారు కాదు. అక్కడ బతికినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో ఎవరూ చెప్పరు, దయ్యాలున్నాయని మాత్రం అందరూ చెప్తారు. ఇక్కడా అంతే. 1890లో కూడా కుల్‌ధరాలో 37 మంది ఉన్నట్టు రాతల్లో ఉంది. నీళ్లు తగ్గాయి, పన్నులు పెరిగాయి, భూకంపమూ ఒక కారణం కావచ్చని 2017 నాటి అధ్యయనం ఒకటి అంటుంది. అంటే ఊరు రాత్రికి రాత్రే కాదు, మెల్లమెల్లగా ఖాళీ అయింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం వాళ్ల ఖడీన్ సేద్యం. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట గోధుమ పండించిన మనుషులు వాళ్లు! రాతినేల మీద పడ్డ వాన పల్లానికి పారుతుంది. అక్కడ అడ్డంగా మట్టికట్ట వేస్తారు. నీరు నిలిచి, ఇంకి, ఒండ్రు మిగులుతుంది. చలికాలంలో ఆ పదును మీదే గోధుమ, శనగ వేస్తారు. జైసల్మేర్ రైతులు ఇప్పటికీ ఇలా పండిస్తున్నారు.

తిరుగుదారిలో ఒక ఖడీన్ దగ్గర కారు ఆపించాను. కట్టకు ఒకపక్క ఎండిన గులకనేల, రెండోపక్క పచ్చటి శనగ చేను. మట్టి తీసి పిడికిట్లో నొక్కితే చల్లగా ముద్ద కట్టింది. "ఇది మొదలుపెట్టింది పాలీవాల్‌లే సార్," అన్నాడు డ్రైవర్. ఈసారి అతని గొంతులో భయం లేదు, గర్వం ఉంది.

కుల్‌ధరా వెళ్లేవాళ్లు చలికాలంలో వెళ్లండి. గోడలు చూసి వచ్చేయకుండా ఖడీన్ కోసం ఒక గంట అట్టిపెట్టుకోండి.