ఖాళీ బండి అదురు

పోయిన వేసవిలో ఒక ఆరు టైర్ల లారీ గాజువాక ఆటోనగర్‌లోని మా షెడ్డుకు మూడోసారి వచ్చింది. మూడుసార్లూ ఫిర్యాదు ఒక్కటే: వేగం 45 కిలోమీటర్లు దాటగానే క్యాబిను నేల అదరడం మొదలవుతుంది, 50, 55 మధ్య అది పతాకస్థాయికి చేరుతుంది, 60 దాటాక కొంత సద్దుమణుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను గేర్ బాక్సు నుంచి వెనుక ఇరుసుకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, దాని బరువు చుట్టూ సమంగా ఉండేలా బ్యాలెన్సింగుకు పంపాను. రెండోసారి షాఫ్టు అతుకుల్లో కూడిక గుర్తు ఆకారంలో ఉండే క్రాసులు మార్చి, షాఫ్టును మధ్యలో మోసే, రబ్బరు చిరిగిన సెంటర్ బేరింగు తీసి కొత్తది వేసి, షాఫ్టును మళ్ళీ బ్యాలెన్సింగుకు పంపాను. రెండుసార్లూ యజమాని డబ్బు చెల్లించాడు, రెండుసార్లూ అదురు అలాగే ఉండిపోయింది. ఆ రెండు బిల్లులూ నా తొందరపాటుకు అతను కట్టిన మూల్యమని నాకు తెలుసు కనుక, మూడోసారి స్పానరు పట్టుకునే ముందు డ్రైవరుతో కలిసి టీ తాగుతూ అరగంట కూర్చున్నాను.

ఆ డ్రైవరు నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. విశాఖ నుంచి ఇనుప చువ్వలు శ్రీకాకుళం వైపు దుకాణాలకు దించి, తిరుగుప్రయాణంలో ఎక్కువసార్లు ఖాళీగా వస్తాడు. "లోడు మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుంది బాబాయ్?" అని అడిగాను. "లోడు మీద ఓర్చుకోవచ్చు బాబూ. ఖాళీ బండితో తగరపువలస దాటి వస్తుంటే కాళ్ళ కింద రేకు గిరగిరలాడిపోతాది" అన్నాడు. ఈ మాట నేను మొదటి రోజే అడిగి తెలుసుకోవలసినది. షాఫ్టు బరువులో హెచ్చుతగ్గులుంటే ఆ దోషం బండిలో సరుకు ఉందా లేదా అని చూడదు. షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతుందో అంత బలంగా, లోడున్నా లేకపోయినా కొడుతుంది. లోడు మారితే బండిలో మారేది కమాన్ల (పట్టీ స్ప్రింగుల) వంపు, దానివల్ల ఛాసిస్‌కూ వెనుక ఇరుసు ఉండే హౌసింగుకూ మధ్య ఎత్తు, ఆ ఎత్తుతో పాటు షాఫ్టు వాలు. కాబట్టి అనుమానం బరువు మీద నుంచి కోణాల మీదికి మళ్ళాలి.

అయితే ఖాళీ బండిలో టైర్ల దోషం కూడా ఎక్కువగానే తెలుస్తుంది. అందుకే ఏది తిరిగితే ఈ అదురు పుడుతోందో లెక్కతో తేల్చుకోవడం అవసరం. ఆ లెక్క చాలా తేలిక. ఈ లారీకి వేసిన 10.00 ఆర్ 20 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 3.2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 50 కిలోమీటర్లంటే నిమిషానికి 833 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి దాదాపు 260 చుట్లు తిరుగుతుంది. ఈ బండి క్రౌన్ పినియన్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు, 5.86 కాబట్టి షాఫ్టు నిమిషానికి సుమారు 1,525 చుట్లు తిరుగుతుంది. సెకనులోకి మార్చితే చక్రం నాలుగు చుట్లకు కాస్త ఎక్కువ, షాఫ్టు పాతిక చుట్లు. సెకనుకు నాలుగైదుసార్లు వచ్చే కుదుపును సీటులో కూర్చున్న మనిషి దాదాపు లెక్కపెట్టగలడు, స్టీరింగు చక్రం కూడా దానితో పాటు ఊగుతుంది. సెకనుకు 25 అంటే లెక్కకు అందదు, అది గట్టి వణుకు. సెకనుకు 50 అయితే వణుకు కంటే ఎక్కువగా రొదలా వినిపిస్తుంది, అద్దాలు, డ్యాష్‌బోర్డు రేకులు పాడటం మొదలుపెడతాయి.

సబ్బవరం మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల రహదారి ఇలాంటి పరీక్షకు అనువైనది. మధ్యాహ్నం రెండు గంటలకు, రద్దీ లేని సమతలమైన భాగంలో, డ్రైవరు నడుపుతుండగా నేను పక్కన కూర్చుని, కంపనాల సంఖ్య చూపే అప్లికేషన్ ఉన్న ఫోనును క్యాబిను నేలకు టేపుతో గట్టిగా అంటించాను. చేతిలో పట్టుకుంటే చెయ్యే అదురును మింగేస్తుంది. వేగం కూడా మీటరులో కాకుండా జీపీఎస్‌లో చూశాము, ఎందుకంటే మీటరు ఐదు కిలోమీటర్లు తప్పు చూపినా పై లెక్కంతా తారుమారవుతుంది. టాప్ గేరులో, 50 దగ్గర, ఫోను చూపిన శిఖరం సెకనుకు 50కి కొద్దిగా పైన నిలిచింది. 25 దగ్గర చిన్న గుర్తు మాత్రమే ఉంది, నాలుగు దగ్గర ఏమీ లేదు.

ఈ బండిలో టాప్ గేరు నేరుగా కలిసేది, అంటే ఇంజిను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. కాబట్టి టాప్ గేరులో మాత్రమే చూసి దోషం షాఫ్టుదని చెప్పడానికి వీల్లేదు. అదే 50 వేగంలో ఒక గేరు దించి నడపమన్నాను. ఇంజిను చుట్లు నిమిషానికి రెండు వేలకు పెరిగాయి, శబ్దం మారింది, కానీ ఫోనులోని శిఖరం అంగుళం కదలకుండా 50 దగ్గరే ఉంది. దానితో ఇంజిను, క్లచ్చి, ఇంజిను మౌంటింగులు అన్నీ అనుమానం నుంచి బయటపడ్డాయి. గేర్ బాక్సు దాటిన తరువాత తిరిగేదేదో, తాను ఒక్కసారి తిరిగే లోపు రెండుసార్లు కొడుతోంది. కొందరు ఈ పరీక్షకు న్యూట్రల్‌లో వదిలేస్తారు. ఆ పని చెయ్యవద్దని నా మనవి. గేరు మార్చి చూస్తే అదే సమాధానం వస్తుంది, బండి ఇంజిను పట్టు కోల్పోవలసిన పని లేదు.

షాఫ్టు చుట్టుకు రెండు దెబ్బలు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలంటే క్రాసు జాయింటు స్వభావం తెలియాలి. ఇటలీవాళ్ళు దీన్ని కార్డానో పేరుతో, ఇంగ్లండువాళ్ళు పదిహేడో శతాబ్దపు రాబర్ట్ హుక్ పేరుతో పిలుస్తారు. చూడటానికి సాదాసీదా వస్తువే అయినా దీనిలో ఒక పుట్టుక లోపం ఉంది. రెండు షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నంతసేపు ముందుది ఎంత వేగంతో తిరిగితే వెనుకది అంతే వేగంతో తిరుగుతుంది. వాటి మధ్య కోణం వచ్చిందా, ముందు షాఫ్టు ఒకే తీరుగా తిరుగుతున్నా వెనుక షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు త్వరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. కోణం 3 డిగ్రీలైతే ఈ తేడా నూటికి 0.14 మాత్రమే. ఆరున్నర డిగ్రీలైతే అది 0.65కి చేరుతుంది, పది డిగ్రీలకు ఒకటిన్నర దాటుతుంది. కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలవుతుందన్నమాట. అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి కానీ, బరువైన ఉక్కు గొట్టాన్ని సెకనుకు యాభైసార్లు ముందుకు తోసి వెనక్కి లాగుతున్నట్టు ఊహించుకుంటే ఆ బలం ఎంతో అర్థమవుతుంది.

ఈ లోపానికి మందు కూడా క్రాసులోనే ఉంది. షాఫ్టుకు రెండో కొసన మరో క్రాసు పెట్టి, క్రాసును రెండు చెవులతో పట్టుకునే రెండు కొసల యోకులను ఒకే వరుసలో నిలిపి, రెండుచోట్లా కోణాలు సమానంగా ఉంచితే, మొదటిది త్వరపడినప్పుడు రెండోది నెమ్మదించి, హౌసింగుకు చేరే తిప్పుడు మళ్ళీ సమానమవుతుంది. రెండు కోణాల మధ్య ఒక డిగ్రీకి మించి తేడా ఉండకూడదన్నది మేము పాటించే కొలత. అలాగని రెండూ ఎనిమిదేసి డిగ్రీలు పెట్టి సమానమేగా అనుకోవడానికి లేదు. చివరికి అందే వేగం సమానమైనా మధ్యలోని గొట్టం మాత్రం త్వరపడుతూ నెమ్మదిస్తూనే ఉంటుంది, కనుక కోణం మూడు డిగ్రీల లోపే ఉండటం మేలు. సున్నా కూడా మంచిది కాదు. అర డిగ్రీ అయినా లేకపోతే క్రాసు కాళ్ళకు తొడిగే కప్పులోని సూది రోలర్లు కదలక, ఒకేచోట నొక్కుకుని, ఆ కాళ్ళ మీద గాట్లు పెడతాయి.

షెడ్డుకు తిరిగి వచ్చి, టైర్లలో గాలి సరిచూసి, చక్రాలకు అడ్డు పెట్టి, ముందుగా షాఫ్టు భాగాలు పళ్ళ మీద ఒకదానిలో ఒకటి జారే స్లిప్ జాయింటు బాణం గుర్తులు చూశాను. షాఫ్టును రెండుసార్లు విప్పాము కనుక పళ్ళు తప్పించి ఎక్కించి ఉంటామేమోనన్న భయం నాకు ఉంది. ఒక్క పన్ను తప్పినా యోకుల వరుస చెదిరి ఇదే జబ్బు వస్తుంది. గుర్తులు సరిగ్గానే కలిశాయి. తరువాత కోణమాపకం తీసుకుని, రంగు, బురద గీకి, చదును చేసిన ముఖాల మీద మాత్రమే పెట్టి కొలిచాను. షెడ్డు నేల కొంచెం వాలుగా ఉన్నా ఇబ్బంది లేదు, మనకు కావలసింది ఒకదానికొకటి మధ్య తేడాయే; కొలతలు పూర్తయ్యేవరకు బండిని కదపకుండా ఉంటే చాలు.

గేర్ బాక్సు వెనక్కి 4 డిగ్రీలు వాలి ఉంది. ముందు షాఫ్టు మూడున్నర. సెంటర్ బేరింగు నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టు ఆరున్నర. ఇవన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. షాఫ్టు తిప్పుడును హౌసింగులోకి తీసుకునే పినియను కూడా నాలుగుకు అటూఇటూగా, అంటే గేర్ బాక్సుకు సమాంతరంగా ఉండాలి. మాపకం సున్నా చూపించింది. నమ్మలేక మూడుసార్లు కొలిచాను. మధ్య జాయింటులో కోణం 3 డిగ్రీలు, వెనుక జాయింటులో ఆరున్నర: ఒక డిగ్రీ దాటకూడని చోట మూడున్నర తేడా. లోడు ఎక్కితే కమాన్లు అణిగి షాఫ్టు వాలు తగ్గుతుంది. అప్పుడు రెండు కోణాలూ తగ్గుతాయి, తేడా మూడున్నరగానే మిగిలినా దెబ్బ బలం తగ్గుతుంది. డ్రైవరు చెప్పిన మాటకు, ఫోను చూపిన అంకెకు, మాపకానికి మధ్య ఇక వైరుధ్యం లేదు.

పినియను ఎందుకు దిగిపోయిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "కమాన్లు ఎప్పుడైనా విప్పించారా?" అని డ్రైవరును అడిగితే, అదురు మొదలు కావడానికి కొద్ది రోజుల ముందే వేరొక చోట కమాన్ల మెయిన్ ప్లేట్లు మార్పించినట్టు చెప్పాడు. కమాను కట్టకూ హౌసింగు పీటకూ మధ్య ఒక కొస మందంగా, మరో కొస పలుచగా ఉండే రెండు డిగ్రీల వెడ్జి ప్లేటు ఉంటుంది. రెండు వైపులా ఆ ప్లేట్లను ముందువెనుకలు తిప్పి వేశారు. రెండు డిగ్రీలు ఎత్తవలసినది రెండు డిగ్రీలు దించింది కాబట్టి మొత్తం నాలుగు డిగ్రీల మార్పు. ఆ పని చేసినవాళ్ళ మీద నాకు కోపం రాలేదని చెప్పను. ఆ ప్లేటు మీద ముందు ఎటు అన్న గుర్తు లేకపోవడం నిజమే కానీ, విప్పేటప్పుడు సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంటే యజమాని కుటుంబానికి రెండు నెలల ఆదాయంలో అంత చిల్లు పడేది కాదు.

వెనుక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, కమానును హౌసింగుకు బిగించే యూ బోల్టులు విప్పి, ప్లేట్లను తిప్పి, కమాను కట్టను కలిపే సెంటర్ బోల్టు తల పీట గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, కొత్త యూ బోల్టులతో బిగించాము. పాత యూ బోల్టులు ఒకసారి సాగి ఉంటాయి కాబట్టి వాటిని మళ్ళీ వాడటం నాకు ఇష్టం ఉండదు. పినియను 4 డిగ్రీలు చూపింది. వెనుక జాయింటు కోణం రెండున్నర, మధ్యది 3.

నేను రెండోసారి వేసిన క్రాసులను విప్పి చూస్తే, వెనుక క్రాసు కాళ్ళ మీద గోరు తగిలితే తెలిసేంత గాట్లు అప్పటికే పడ్డాయి. ఇక్కడి గాలిలో ఉప్పు, పోర్టు వైపు తిరిగే బండ్లకు అంటుకునే బొగ్గు పొడి కలిసి క్రాసులను త్వరగా తింటాయన్నది నిజమే. కానీ రెండు నెలలకే ఇలా అయిందంటే అది కోణం చేసిన పనే. కొత్తది వేసేటప్పుడు యోకు చెవులను సుత్తితో బాదకుండా ప్రెస్సుతో ఎక్కించాము. కప్పులో ఒక్క సూది అడ్డంగా పడినా క్రాసు బిగుసుకుంటుంది, కనుక చేత్తో అన్ని వైపులా ఆడించి చూడాలి. గ్రీజు నాలుగు సీళ్ళ నుంచీ బయటికి వచ్చేవరకు కొట్టాలి; మూడింటిలో వచ్చి నాలుగో దానిలో రాకపోతే ఆ కాలు ఎండిపోయే ఉందని అర్థం, ఆ క్రాసును అలాగే పంపకూడదు.

ఇంత పట్టింపు ఎందుకని మా కుర్రవాళ్ళు అడుగుతుంటారు. అదురును ఓర్చుకోవచ్చు, కానీ ఆ దెబ్బలకు క్రాసు విరిగితే షాఫ్టు రోడ్డు మీద పడుతుంది. ముందు కొస విరిగితే అది నేలలో గుచ్చుకుని బండిని ఎత్తి పడేసే ప్రమాదముంది. అందుకే షాఫ్టు కింద రక్షణగా ఉండే ఇనుప పట్టీని ఎవరు విప్పినా తిరిగి బిగించేవరకు బండిని నేను బయటికి పంపను. అనంతగిరి ఘాట్ దిగే బండికి ఇలా జరిగితే ఇంజిను బ్రేకు కూడా ఆ క్షణంలోనే పోతుంది.

మరునాడు అదే రోడ్డు మీద, ఖాళీ బండితో, అదే చోట ఫోను అంటించి చూశాము. 50 దగ్గరి శిఖరం పోయింది. వేగం 60 దాటాక మాత్రం షాఫ్టు చుట్టుకు ఒకసారి చొప్పున వచ్చే చిన్న వణుకు మిగిలింది. షాఫ్టు తీసి చూస్తే గొట్టానికి రెండుసార్లు అతికించిన బరువు ముక్కలు, తొలగించవలసిన పాత ముక్కతో సహా, పక్కపక్కనే ఉన్నాయి. అన్నీ తీయించి, ముందుగా గొట్టం వంకర లేదని డయల్ గేజీతో చూపించుకుని, ఒక్కసారి శుభ్రంగా బ్యాలెన్సు చేయించాను. దానికి యజమాని దగ్గర డబ్బు తీసుకోలేదు. మొదటి లోడు దించి వచ్చిన సాయంత్రం డ్రైవరు బండిని నేరుగా షెడ్డుకే తెచ్చాడు. యూ బోల్టులు నాలుగింటినీ మళ్ళీ బిగించాను, రెండు పావు చుట్టు చొప్పున తిరిగాయి. వెడ్జి ప్లేట్ల ముందు వైపున పసుపు రంగుతో బాణం గీసి, ఆ గుర్తు ఏమిటో ఆయనకు చూపించాను.