ఒకరి సోఫా, ఇంకొకరి రగ్గు

సియాటిల్ చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే ఇళ్లు చాలావరకు గురువారం లిస్టింగ్‌లో పడతాయి. శని, ఆదివారాల్లో ఓపెన్ హౌస్, అంటే కొనాలనుకునేవాళ్లు ఎవరైనా వచ్చి ఇల్లు చూడొచ్చు, ఆ పై వారం మొదట్లో ఆఫర్లు చూస్తారు. కాబట్టి లిస్టింగ్ కోసం ఫొటోగ్రాఫర్ వచ్చేలోపే ఖాళీ ఇంట్లో సోఫాలు, మంచాలు, ల్యాంపులు, గోడల మీద పటాలు అన్నీ అమరిపోవాలి. నేను చేసేది ఆ పనే, హోమ్ స్టేజింగ్. ఈ వృత్తి పుట్టింది కూడా ఈ ప్రాంతంలోనే. 1972లో ఇక్కడ బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ మొదలుపెట్టారని చెబుతారు.

వసంతం వచ్చిందంటే అందరి ఇళ్లూ ఒకేసారి అమ్మకానికి వస్తాయి. అందరు స్టేజర్లకూ ఒకే వారం సోఫాలు కావాలి. అప్పుడు తెలుస్తుంది, పక్క స్టేజర్‌తో మంచిగా ఉండటం ఎంత అవసరమో.

నాకు పని నేర్పింది ఒక అమెరికన్ పెద్దావిడ. రేపు నేను ఆవిడకే పోటీ అవుతానని తెలిసి కూడా నేర్పారు. అంతకుముందు నేను ఆన్‌లైన్‌లో కోర్సు చేశాను, సర్టిఫికెట్ కూడా వచ్చింది. నేల మీద పరిచే రగ్గు మీద సోఫా ముందు కాళ్లయినా ఉండాలని, చిన్న రగ్గు వేస్తే గది ఇంకా చిన్నగా కనిపిస్తుందని అందులో చెప్పారు. ఇక్కడి టౌన్‌హౌస్‌లలో హాలు రెండో అంతస్తులో ఉంటుందని, మెట్ల మలుపు దగ్గర సోఫా ఇరుక్కుంటుందని మాత్రం చెప్పలేదు. ఆవిడ షాపులో సోఫా మీద కూర్చునేవారు కాదు, ముందు వంగి కింద చూసేవారు, కాళ్లు ఊడతాయా లేదా అని. ఏ ఇంటికి వెళ్లినా టేపు తీసి మొదట కొలిచేది హాలు కాదు, మెట్ల మలుపు.

ఒకసారి మేడ మీది చిన్న బెడ్‌రూమ్‌లో గంటసేపు ఉన్నాం. ఇంటివాళ్ల కింగ్ మంచం గదంతా ఆక్రమించుకుని ఉంది. దాన్ని గరాజ్‌లోకి దించి, దానికంటే చిన్నదైన క్వీన్ మంచం వేయించారు. నన్ను గుమ్మంలో నిలబెట్టి, ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని చూడమన్నారు. కళ్లకు బాగున్న గది ఫోన్‌లో ఇరుగ్గా ఉంది. ఒక నైట్‌స్టాండ్ తీసేశాక, కిటికీ కింద నేల కనిపించింది, గది తెరుచుకున్నట్టయింది. తర్వాత ల్యాంపుల్లో బల్బులన్నీ విప్పి, ఒకే రంగు వెలుతురు ఇచ్చేవి పెట్టారు. ఇక్కడ డిసెంబర్‌లో నాలుగున్నరలోపే పొద్దు గుంకుతుంది, పైగా ముసురు. ఒక బల్బు తెల్లగా, ఒకటి పసుప్పచ్చగా వెలిగితే ఫొటోలో గోడ మాసినట్టు కనిపిస్తుంది. ఇలాంటివి పక్కన నిలబడి చూస్తేనే వస్తాయి.

రేటు ఎంత చెప్పాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, ఎలా లెక్కేయాలో చెప్పారు. ట్రక్కు, మూవర్స్ గంటలు, వేర్‌హౌస్ అద్దె, ఇన్సూరెన్స్, దిండ్లు మాసిపోవడం, చివర్లో సామాను వెనక్కి తెచ్చే ఖర్చు, అన్నీ వరసగా రాయించారు. పోటీదారులు కూడబలుక్కుని రేట్లు పెట్టడం ఇక్కడ 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం నేరం. లెక్క నేర్పడం మాత్రం నేరం కాదు. కొత్తవాళ్లు ఎక్కువమంది నష్టపోయేది వెనక్కి తెచ్చే ఖర్చు మర్చిపోయే.

నేను కూడా ఆవిడకు కొంత ఇవ్వగలిగాను. సియాటిల్ దగ్గరి సమామిష్ ఊళ్లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పూజ మందిరం తీయమని ఎలా అడగాలో తెలియక నన్ను వెంట తీసుకెళ్లారు. ఆ ఇంటి పెద్దావిడతో, "కొత్తింట్లో పాలు పొంగించేటప్పుడు ముందు వెళ్లేది దేవుడి పటాలే కదా పిన్నిగారూ, వాటిని మీ చేత్తోనే ముందుగా సర్దేసుకుందాం" అన్నాను. ఆవిడే పట్టుబట్ట తెచ్చి ఒక్కో పటం చుట్టారు. పోపు వాసనకు చిమ్నీ ఫిల్టర్ కడిగించి, కర్టెన్లు ఉతికించాం. ఎవరినీ నొప్పించకుండా పని అయింది. ఆ తర్వాత తెలుగువాళ్ల ఇల్లు ఏది వచ్చినా మా గురువుగారు నాకే ఫోన్ చేసేవారు.

ఇప్పుడు ఈస్ట్‌సైడ్‌లో, అంటే సియాటిల్‌కు తూర్పున చెరువు అవతలి ఊళ్లలో, మేం కొద్దిమందిమి సామాను ఇచ్చిపుచ్చుకుంటాం. మొన్న ఏప్రిల్‌లో ఒక అమ్మకం చివర్లో ఆగిపోయి, నా డైనింగ్ టేబుల్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది, మర్నాడు ఇంకో ఇంట్లో వేయాలి. ఇళ్లు అమ్మిపెట్టే అవే ఏజెంట్ల దగ్గర పని కోసం నాతో పోటీపడే స్నేహితురాలు టేబుల్, ఆరు కుర్చీలు, పెద్ద రగ్గు ఆ సాయంత్రమే పంపింది. అయితే మేం ఏదీ నోటిమాట మీద ఇచ్చుకోం. వస్తువు ఫొటో, తిరిగిచ్చే తేదీ, మరక పడితే ఖర్చు ఎవరిది, అన్నీ రాసుకుంటాం. మా స్నేహం ఇన్నాళ్లు నిలవడానికి ఆ కాగితమే కారణమని నా నమ్మకం.

ఈ మధ్య నా వెంట ఒక విజయవాడ అమ్మాయి వస్తోంది. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద వచ్చింది, ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, చేతికొచ్చాక నా దగ్గర చేరింది. ఈఏడీ లేనివాళ్లు "ఊరికే చేస్తాం అక్కా, నేర్పండి చాలు" అని అడుగుతారు. మనసు చివుక్కుమంటుంది, కానీ వాళ్ల వీసాకే ముప్పు, అందుకే ఒప్పుకోను. చేరినవాళ్లకు మొదటి రోజు నుంచే జీతం ఇస్తాను. నేర్పుతున్నాం కదా అని ఉచితంగా పని చేయించుకోవడం నాకు అస్సలు నచ్చదు.

ప్రతి ఇంట్లో ఒక గది పూర్తిగా ఆ అమ్మాయికే వదిలేస్తాను. ఫొటోలు అయ్యేదాకా దిండు కూడా కదపను. తర్వాత ఇద్దరం ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుంటాం. పోయిన ఇంట్లో తను ఆఫీస్ రూమ్‌లో బల్లను కిటికీకి అడ్డంగా తిప్పింది. నేనైతే గోడకు ఆనించేదాన్ని, తనదే బాగుంది. ఇక నుంచి నేను కూడా అలాగే వేస్తాను. వచ్చే నెలలో తనకు ఇద్దరు ఏజెంట్లను పరిచయం చేస్తున్నాను, వాళ్లు ఇన్నాళ్లూ నాకు పనిచ్చినవాళ్లే.

ఈ వైపు ఉండి, పని చేసే అనుమతి ఉండి, ఇది నేర్చుకోవాలని ఉంటే నాకు రాయండి. సామాను దించే రోజు పొద్దున ఏడుకు వేర్‌హౌస్ దగ్గర ఉండాలి, ఒక టేపు మీరే తెచ్చుకోవాలి.