పేర్ల పట్టిక పక్కన పెట్టాక: మొక్కల త్వచ రవాణా ప్రోటీన్లతో నా అనుభవం

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ అర్హత పరీక్షకు సిద్ధమవుతున్న తోటి అభ్యర్థులకు, ముఖ్యంగా నాలాగా తెలుగు మీడియంలో డిగ్రీ చదివి వచ్చినవారికి, ఒకే ఒక్క అంశం గురించి వివరంగా రాద్దామనుకున్నాను. మొక్కల త్వచ రవాణా, అంటే కణత్వచం గుండా అయాన్లు, చక్కెరలు, నీళ్లు దాటే తీరు, సిలబస్‌లో రెండు చోట్ల తగులుతుంది: రెండో యూనిట్‌లో త్వచ నిర్మాణంతోపాటు ఒకసారి, ఆరో యూనిట్‌లో ద్రావితాల రవాణాగా మరోసారి. పరీక్ష చివరి భాగమైన పార్ట్-సిలో 75 ప్రశ్నల నుంచి 25 ఎంచుకుని రాస్తాం, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు రాస్తే అందులో నాలుగో వంతు కోత. నాకు ఆ కోత ఎక్కువగా పడింది ఈ అధ్యాయంలోనే.

మొదటి రెండు ప్రయత్నాల్లో నేను చేసిందల్లా బట్టీ పట్టడం. లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు పేజీల పట్టిక గీసి, ఏకేటీ1, కేఏటీ1, ఎన్ఆర్‌టీ, ఎస్ఓఎస్1 అని వరుసగా రవాణా ప్రోటీన్ల పేర్లు రాసి, ఎదురుగా అయాన్ పేరు, ఉండే చోటు నింపుకున్నాను. ఒక మాక్ టెస్టులో 'వేరు కణంలో పొటాషియం బయటికంటే 75 రెట్లు ఎక్కువగా ఉంది కనుక అది సక్రియా రవాణా ద్వారానే వచ్చింది' అన్న వాక్యానికి క్షణం ఆలోచించకుండా ఒప్పు పెట్టాను. సక్రియా రవాణా అంటే కణం శక్తి ఖర్చు పెట్టి చేసే రవాణా. నా దగ్గరున్న కోచింగ్ నోట్సులో కూడా గాఢతకు ఎదురెళితే సక్రియం అనే ఉంది. ఆవేశం లేని చక్కెరల వంటి అణువులకు ఆ సూత్రం సరిపోతుంది కానీ అయాన్లకు సరిపోదు.

అది ఎందుకు తప్పో తెలిసింది, హిగిన్‌బోథమ్ బృందం 1967లో బఠాణీ వేళ్లపై ప్రచురించిన కొలతలను తెల్లకాగితం మీద నేనే లెక్కకట్టినప్పుడు. అక్కడ త్వచ విభవం, అంటే త్వచానికి లోపలికీ బయటికీ మధ్య విద్యుత్ తేడా, −110 మిల్లీవోల్టులు. లోపల రుణావేశం ఉంది కనుక ధనావేశ అయాన్లను అదే లోపలికి లాగుతుంది. ఈ విద్యుత్ తేడాకు ఎంత గాఢత తేడా సరితూగుతుందో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం ఏకసంయోజక అయాన్‌కు పది రెట్ల గాఢత తేడాకు సుమారు 59 మిల్లీవోల్టులు సరితూగుతాయి. 110ని 59తో భాగిస్తే 1.86, దాని యాంటీలాగ్ 70 పైచిలుకు. బయట 1 మిల్లీమోలార్ పొటాషియం ఉంటే, శక్తి ఖర్చు లేకుండానే లోపల 74 దాకా చేరగలదు. కొలిస్తే 75 ఉంది, అంటే సక్రియా రవాణా అక్కర్లేదు. సోడియం కూడా అదే లెక్కన 74 ఉండాలి, ఉన్నది 8 మాత్రమే, కాబట్టి దాన్ని ఏదో బయటికి తోస్తోంది. బయట 2 ఉన్న నైట్రేట్ రుణావేశం వల్ల లోపల 0.03 కూడా ఉండకూడదు, ఉన్నది 28, కాబట్టి దాన్ని ఏదో లోపలికి లాగుతోంది. ఈ మూడు లెక్కలు చేత్తో వేసుకున్నాక పట్టికలోని పేర్లకు పనులు దొరికాయి: సోడియంను ప్రోటాన్‌కు మారకంగా బయటికి పంపేది ఎస్ఓఎస్1, నైట్రేట్‌ను ప్రోటాన్లతో జతకట్టి లోపలికి లాక్కొచ్చేది ఎన్ఆర్‌టీ1.1. అయితే నేలలో పొటాషియం కొన్ని మైక్రోమోలార్లకు పడిపోతే అయాన్లను ఊరికే దాటనిచ్చే రంధ్రమైన ఛానెల్ ఒక్కటే చాలదు, ప్రోటాన్‌తో జతకట్టి లాక్కొచ్చే హెచ్ఏకే5 వంటి సహవాహకం కావాలి. ఆ మెలిక పెట్టి అడిగితే జాగ్రత్త పడండి.

ఆ రుణ విభవాన్ని నిలబెట్టడంలో పెద్ద చేయి ప్లాస్మాత్వచంలోని ప్రోటాన్ ఏటీపేజ్ అనే పంపుది. సుమారు 100 కిలోడాల్టన్ల ప్రోటీన్, త్వచాన్ని 10 హెలిక్స్‌లతో దాటుతుంది, ఒక ఏటీపీకి ఒక ప్రోటాన్‌ను బయటికి పంపుతుంది. పని మధ్యలో దాని ఆస్పార్టేట్‌కు ఫాస్ఫేట్ అతుక్కుంటుంది కనుకనే పి-టైప్ అన్నారు, వెనడేట్ అనే నిరోధకానికి లొంగేది కూడా అందుకే. దాని సి-కొన పంపుకు గొళ్లెం లాంటిది. చివరి నుంచి రెండోదైన థ్రియోనిన్‌కు ఫాస్ఫేట్ చేరి, దాన్ని 14-3-3 ప్రోటీన్ పట్టుకుంటే గొళ్లెం ఊడుతుంది. ఫ్యూసికాక్సిన్ అనే శిలీంధ్ర విషం ఆ పట్టును విడిపోనివ్వదు, పత్రరంధ్రాలు తెరుచుకునే ఉండిపోయి ఆకు వాడిపోతుంది. కణం లోపలి సంచి అయిన రిక్తిక మీది వి-టైప్ ప్రోటాన్ పంపుకు నిరోధకం బాఫిలోమైసిన్ అని తెలిస్తే మాక్ టెస్టుల వరకు నాకు సరిపోయింది.

నిర్మాణం ప్రశ్నల్లో నన్ను రెండుసార్లు పడగొట్టింది 'టెట్రామర్' అన్న మాట, అంటే నాలుగు ఉపప్రమాణాలు కలిసిన ప్రోటీన్. షేకర్ కుటుంబపు పొటాషియం ఛానెల్‌లో నాలుగు ఉపప్రమాణాలు కలిసి మధ్యలో ఒకే రంధ్రాన్ని ఏర్పరుస్తాయి. ఒక్కోదానిలో ఆరు హెలిక్స్‌లు, వాటిలో నాలుగోది వోల్టేజీని పసిగడుతుంది. నీటి దారి అయిన ఆక్వాపోరిన్‌లోనూ నాలుగు ప్రమాణాలు, ఒక్కోదానికి ఆరు హెలిక్స్‌లే, కానీ నీళ్లు పోయే దారి మాత్రం ప్రతి ప్రమాణానికీ విడివిడిగా ఉంటుంది. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన గీయనంతకాలం నేను తడబడుతూనే ఉన్నాను.

చక్కెరలను దాటించే స్వీట్ ప్రోటీన్లను చివరికి వదిలేద్దామనుకున్నాను: ఏడు హెలిక్స్‌లు, ప్రోటాన్ అక్కర్లేదు, గాఢత తక్కువున్న వైపుకు చక్కెరను వదులుతాయి, అంతే కదా అని. తీరా చూస్తే మన అన్నం పళ్లెంలోనే అవి కనిపించాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, నాటి వరి పరిశోధన సంచాలనాలయం కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వరి రకంలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువుల్లో ఒకటి ఎక్స్‌ఏ13. అది ఓఎస్-స్వీట్11 జన్యువే, ప్రమోటర్, అంటే జన్యువును పనిచేయించే మీట లాంటి భాగం, మాత్రం మారిన రూపం. బాక్టీరియా తన ప్రోటీన్‌ను కణంలోకి పంపి, ఆ ప్రమోటర్ మీద కూర్చోబెట్టి, చక్కెర కోసం మొక్క చేతే స్వీట్ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ప్రమోటర్ మారితే దానికి కూర్చునే చోటు దొరకదు. ఈ నిరోధకత రిసెసివ్, అంటే జన్యువు రెండు నకళ్లూ మారితేనే కనిపించేది, ఎందుకని అడిగితే ఇప్పుడు పట్టిక వెతకను. జన్యువు మారని నకలు ఒక్కటి మిగిలినా బాక్టీరియాకు కూర్చునే చోటు దొరికినట్లే.