అనంతపురం వచ్చాక హార్మోన్ డాక్టర్‌ను వెతుక్కున్న తీరు

నేను హార్మోన్లు వాడే ట్రాన్స్ మహిళను. ఊరు మారేముందు పాత డాక్టర్ దగ్గర రెండు పనులు చేయించుకున్నాను. ఒకటి, మూడు నెలలకు సరిపడా మందుల చీటీ. రెండోది, లెటర్‌హెడ్ మీద సమ్మరీ: మందుల జెనరిక్ పేర్లు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఏడాది రక్త పరీక్షలు. జెండర్ గురించి సైకియాట్రిస్టు ఇచ్చిన సర్టిఫికెట్ నకలు కూడా జత చేశాను. ఈ కాగితాలు లేకుంటే కొత్త డాక్టర్ మళ్లీ మొదటి నుంచి రమ్మంటారు, ఆలోపు మందులు అయిపోతాయి.

ట్రాన్స్ వాళ్లను చూస్తామని ఏ బోర్డు మీదా రాసుండదు. సాయినగర్‌లో 'షుగర్, థైరాయిడ్ స్పెషలిస్ట్' అన్న బోర్డులు చూసుకొని, వెళ్లేముందు ఫోన్ చేశాను. అడిగింది ఇంతే: "నేను ట్రాన్స్ మహిళను, హార్మోన్లు వాడుతున్నాను. డాక్టర్ గారు చూస్తారా? ఓపీ చీటీలో నేను చెప్పిన పేరే రాస్తారా?" "కనుక్కొని చెప్తాను మేడమ్" అన్నచోట ఆశ ఉన్నట్టే. ఒకచోట ఫోన్‌లో సరేనని, హాల్లో అందరి ముందూ పాత పేరుతో పిలిచారు. అప్పటి నుంచి టోకెన్ నంబరుతో పిలవమని ముందే చెప్తున్నాను.

ఫోన్ల కంటే ఎక్కువ పనికొచ్చింది మన ట్రాన్స్ పెద్దక్కలను అడగడం. హెచ్‌ఐవీ నివారణ పనిలో ఉన్న ఫీల్డ్ వర్కర్లనూ అడగండి. వాళ్లు సర్వజన ఆసుపత్రికి మనవాళ్లను తీసుకెళ్తూ ఉంటారు, ఏ కౌంటర్లో ఏ సిస్టర్ మర్యాదగా మాట్లాడుతుందో వాళ్లకు తెలుస్తుంది.

డాక్టర్‌కు తెలియకపోవడం వేరు, చూడటం ఇష్టం లేకపోవడం వేరు. "నాకు అనుభవం లేదు, మీ పాత డాక్టర్‌తో మాట్లాడతాను" అనే జనరల్ ఫిజీషియన్ దొరికితే వదులుకోవద్దు. చూడాల్సిన పరీక్షలు ఆయనకు కొత్తవేమీ కావు. మగ హార్మోన్‌ను అణిచే స్పైరోనోలాక్టోన్ వాడితే ఒంట్లో పొటాషియం పెరగొచ్చు, అందుకని అది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఎస్ట్రాడయాల్ (ఆడ హార్మోన్), టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) స్థాయిలు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకునే తమ్ముళ్లకు, అంటే ట్రాన్స్ పురుషులకు, రక్తం చిక్కబడే ప్రమాదం ఉంది, హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తప్పనిసరి.

ల్యాబ్ రిపోర్టు దగ్గరే ఎక్కువ గందరగోళం. కౌంటర్లో మగ, ఆడ ఏది కొడితే దాని కొలతలే పక్కన అచ్చవుతాయి. ట్రాన్స్ పురుషుడిని 'ఫిమేల్' అని నమోదు చేస్తే, హిమోగ్లోబిన్ 16 ఉన్నా 'హై' అని వస్తుంది. టెస్టోస్టెరాన్ మీద ఉన్నవాళ్లకు మగవాళ్ల కొలతతో చూడాలి. డాక్టర్ ఆ గుర్తు చూసి డోసు తగ్గించకముందే చెప్పండి.

డాక్టర్ దొరికేలోపు మందు అయిపోతే మాలా-డి గర్భనిరోధక మాత్రలు మింగొద్దు. అందులో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయాల్‌తో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, సిగరెట్ తాగేవాళ్లకు మరీను. పాత డాక్టర్‌కు ఫోన్ చేసి ఒక నెలకు చీటీ పంపమనండి.